ఒక మనిషిని తీసుకురావలెను

ఆ గురువారం పొద్దున్న నరసింగరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కాలేజీకి వెళ్ళాలి. మొదటి సంవత్సరం విద్యార్థులు రాసి తెచ్చిన కాగితాలు అందుకోవాలి. సాయంత్రంలోగా వాటిలో బావున్నవి ఓ పది ఏరి ఫైలులో కుట్టాలి. శనివారం వాల్తేరు నుంచి విశ్వవిద్యాలయం కమిటీ వచ్చినప్పుడు ఆ ఫైలు వాళ్ళ ముందు పెట్టాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదని ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ అతను రెండుసార్లు అనుకున్నాడు.

నరసింగరావు శృంగవరపుకోటలో కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీలో చరిత్ర లెక్చరరు. రామతీర్థం దగ్గర మెట్టపొలం దున్నుకునే ఇంట్లో పుట్టి, దీపం బుడ్డి దగ్గర చదువుకుని ఎం.ఏ. పాసైనవాడు. మనిషి నెమ్మది. పిల్లల ముందు గంటసేపు అనర్గళంగా మాట్లాడతాడు గాని, నలుగురు పెద్దవాళ్ళు కూర్చున్నచోట గొంతు పెగలదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దాన్ని నిలబెట్టేదైనా ఊడగొట్టేదైనా ఆ ఫైలే.

సంగతేమిటంటే, ఆ ఏడు విశ్వవిద్యాలయం వారికి ఒక కొత్త ఆలోచన వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన ప్రతివాళ్ళూ, లెక్కలవాళ్ళూ జంతుశాస్త్రంవాళ్ళూ కూడా, మనిషిని గురించీ సమాజాన్ని గురించీ ఒక పేపరు చదవాలన్నారు. ఆ పేపరు ఎలా ఉండాలో ఎవరి కాలేజీ వాళ్ళే తయారుచేసుకోండి, వచ్చి చూసి బావుంటే ఒప్పుకుంటాం అన్నారు. ప్రిన్సిపాలు ఏసుదానం గారు ఆ పని నరసింగరావుకు అప్పగించారు. కమిటీ ఒప్పుకుంటే వారానికి నాలుగు గంటల కోర్సు, దానికో శాశ్వతమైన పోస్టు. ఒప్పుకోకపోతే ఆ నాలుగు గంటలూ ఫిజిక్సుకు పోతాయి. ఫిజిక్సు హెడ్డు జగన్నాధం గారు ఆ గంటల్లో చేయించబోయే ప్రయోగాల జాబితా అప్పుడే రాసేసి కోటు జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. చరిత్రా, సంఘశాస్త్రమూ అనేవి భోజనాలయ్యాక అరుగుమీద చెప్పుకునే కబుర్లని, వాటికి పరీక్ష పెట్టడం అన్యాయమని ఆయన అభిప్రాయం.

నరసింగరావు ఆ కోర్సును మూడుసార్లు రాశాడు. మొదటిది యూఫ్రటీసు నది ఒడ్డున మొదలై పంచాయతీ సమితి గుమ్మంలో ముగిసింది. దాన్ని ఒక్క ఏడాదిలో చెప్పాలంటే రోజుకో నాగరికత కూలిపోవాలి. రెండోది సంక్షిప్తంగా ఉంది గాని, అతనికే చదవబుద్ధి కాలేదు. మూడోసారి విసుగెత్తి, పదిహేడేళ్ళ వయసులో తనకు ఎవరూ జవాబు చెప్పని ప్రశ్నలు ఆరు రాసుకున్నాడు. మనం తినేది ఎక్కణ్ణించి వస్తుంది? మన మధ్య ఎవరి మాట చెల్లుతుంది, ఎందుకు చెల్లుతుంది? వెనక జరిగింది మనకెలా తెలుస్తుంది? మనుషులు ఉన్న ఊరు ఎందుకు విడిచిపోతారు? ఒకరు మొక్కేదానికి ఇంకొకరు ఎందుకు మొక్కరు? ఒక మనిషి చెప్పింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి? కోర్సంటే ఈ ఆరే. కాని ఆరు ప్రశ్నలతో పేపరు మరీ బోసిగా కనిపించేసరికి భయం వేసి, వాటి కింద ఇరవైరెండు ఇంగ్లీషు పుస్తకాల పేర్లు రాశాడు. వాటిలో పద్నాలుగు తను కూడా చూడలేదు.

ఇది పిల్లలకు పనికొస్తుందో లేదో చూద్దామని వాళ్ళకో చిన్న అభ్యాసం ఇచ్చాడు. నోటీసు ఇంగ్లీషులో అయితే తప్పుగా అర్థం చేసుకుంటారేమోనని చక్కటి తెలుగులో రాసి గుమస్తా అప్పలసూరికి ఇచ్చాడు. అప్పలసూరి దాన్ని మైనపు కాగితం మీద చేత్తో ఎక్కించి, యంత్రం మీద తిప్పి, సోమవారం అందరికీ పంచాడు.

సైకిలు మీద కాలేజీకి పోతుంటే దారిలో కుండ నెత్తిన పెట్టుకున్న ఒక కుమ్మరి ఆపి, కాలేజీకి తోవ ఎటని అడిగాడు. నరసింగరావు మర్యాదగా దిగి చూపించాడు. కాస్త దూరం పోయాక ఒక నేతపని ఆయన, ఆ తరవాత మేకపిల్లను చంకనెత్తుకున్న ఒక ముసలమ్మ అదే తోవ అడిగారు. కాలేజీ పక్కన కొత్తగా పశువుల ఆసుపత్రి ఏదో తెరిచారు కాబోలనుకుని వాళ్ళకూ చూపించాడు. అలా తన చేత్తో తనే పదకొండు మందికి తోవ చూపించి పంపాడు.

కాలేజీ గేటు దగ్గరకు వచ్చేసరికి లోపలికి పోవడానికి సందు లేదు. రెండు స్తంభాల మధ్య ఒక సాలూరు లారీ, నిండా చింతపండు బస్తాలతో, అటూ ఇటూ కదలకుండా ఇరుక్కుని ఉంది. కాలేజీ కట్టినవాళ్ళు ఆ గేటులోంచి కారు వస్తుందనుకున్నారు గాని లారీ వస్తుందనుకోలేదు. నరసింగరావు సైకిలు గోడకు ఆనించి, కడుపు లోపలికి లాక్కుని, బస్తాల పక్కనుంచి పాకి లోపల పడ్డాడు.

లోపల సంత జరుగుతున్నట్టుంది. కుమ్మరి ఉన్నాడు, నేతపనాయన ఉన్నాడు, కమ్మరి, చాకలి, గానుగ తిప్పే ముసలాయన, గాజుల మలారం భుజాన వేసుకున్నామె, అందరూ మొదటి సంవత్సరం పిల్లల పక్కన ఒద్దికగా నిలబడి ఉన్నారు. చర్చి దగ్గర ఉండే లీలారాణి అనే బి.ఎస్సీ. అమ్మాయి ఎదురొచ్చి నమస్కారం చేసింది. ఆమె పక్కన వెడల్పాటి బొట్టుతో, వక్కాకు నములుతూ ఒక పెద్దావిడ ఉంది.

"ఈవిడ జగ్గమ్మ గారు సార్. మంత్రసాని. మీరు తెమ్మన్నారని తెచ్చాను. నన్ను పుట్టించింది ఈవిడే," అంది లీలారాణి.

"నిన్నొక్కద్దాన్నేటి," అంది జగ్గమ్మ. "నీతో సదివే గుంటల్లో సగం మంది నా సేతుల మీద పడినోలే."

తెమ్మన్నది కాగితాలు కదా అని నరసింగరావు గొణిగాడు. లీలారాణి పుస్తకంలోంచి నోటీసు తీసి ఇచ్చింది. అతను ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

అతను రాసింది ఇదీ: 'మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రతి ఒక్కరు గురువారం ఉదయం పది గంటలకు, సొంత కష్టంతో బతుకుతున్న ఒక మనిషిని గురించి రెండు పేజీలు స్వయంగా రాసి తీసుకురావలెను. తేనివారికి హాజరు వేయబడదు.' అచ్చులో పడ్డది ఇదీ: 'సొంత కష్టంతో బతుకుతున్న ఒక మనిషిని తీసుకురావలెను. తేనివారికి హాజరు వేయబడదు.' మధ్యలో ఒక వరుస వరుసే లేదు.

అప్పలసూరిని పిలిపించాడు. అప్పలసూరి ఏమీ దాచలేదు. ఆ వరుసలో ఒక అక్షరం తప్పు పడిందట. తప్పు చెరిపే ఎర్రమందు ఆ వరుస మీద రాశాడట. ఆరాక మళ్ళీ రాద్దామనుకుంటే ఇంతలో ఎవరో టీకి పిలిచారట. తిరిగొచ్చాక ఒకసారి చదివి చూసుకోలేదా అని నరసింగరావు అడిగాడు.

"సదివినాను బాబూ," అన్నాడు అప్పలసూరి. "అర్తం బాగానే ఉన్నాది కదా అనుకున్నాను."

అప్పుడే ప్రిన్సిపాలు గారి గదినుంచి పిలుపు వచ్చింది. ఏసుదానం గారు బాప్టిస్టు సంఘంలో పెద్ద. ప్రార్థననూ చేతిగడియారాన్నీ సమానంగా నమ్ముకున్న మనిషి. ఆయన బల్లమీద ఒక టెలిగ్రాం ఉంది. కమిటీ శనివారం కాదు, ఈ రోజే, పదకొండు గంటలకు వస్తోంది. నరసింగరావు జరిగింది చెప్పాడు. ఎంతమంది ఉంటారని ప్రిన్సిపాలు అడిగారు. అరవైముగ్గురు మనుషులు, ఒక మేకపిల్ల, ఒక లారీ అని చెప్పాడు నరసింగరావు. ఏసుదానం గారు గడియారం చూసుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, మళ్ళీ గడియారం చూసుకున్నారు. ఇంకా ముప్పావుగంట ఉంది, అందరికీ దండం పెట్టి ఇంటికి పంపించెయ్యమన్నారు.

పంపడం ఆయన అనుకున్నంత తేలిక కాలేదు. నరసింగరావు వరండా మెట్ల మీద నిలబడి, పొరపాటు జరిగిందనీ, క్షమించి వెళ్ళిపొమ్మనీ అడిగాడు. ఎవరూ కదల్లేదు. చివరికి అందరి తరఫునా జగ్గమ్మే మాట్లాడింది.

"మావు పనులొగ్గుకుని వచ్చినాం బాబూ. కాలేజీవోలు పిలిసినారని ఊరందరికీ సెప్పుకుని మరీ వచ్చినాం. ఏటీ అడక్కుండా ఇప్పుడు ఎల్లిపోతే, జవాబు సెప్పడం రాక తోలీసినారనరా? అడిగేదేటో అడిగీండి. సెప్పీసి ఎల్తాం."

అందులో అన్యాయం ఏమీ లేదు.

ఇదంతా జగన్నాధం గారు తన ప్రయోగశాల గుమ్మంలోంచి చూస్తున్నారు. కమిటీ వచ్చేసరికి ఈ జాతర ఇలాగే ఉంటే ఆయనకే లాభం. కాని క్రమశిక్షణ అంటే ఆయనకు ప్రాణం, అదీగాక మేకపిల్ల ప్రయోగశాల మెట్టెక్కింది. ఆయన అప్పలసూరిని పక్కకు పిలిచారు. మగవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయడానికి డాక్టరు వస్తున్నారని ఒకరిద్దరి చెవిన వెయ్యమని, మైదానం అయిదు నిమిషాల్లో ఖాళీ అవుతుందని చెప్పారు. తన తప్పు ఎలా దిద్దుకోవాలా అని చూస్తున్న అప్పలసూరి వెంటనే వెళ్ళి వేశాడు.

మైదానం అయిదు నిమిషాలు కూడా పట్టకుండానే ఖాళీ అయింది. అయితే జగన్నాధం గారు ఒక సంగతి మరిచారు. గేటులో లారీ ఉంది. బయటికి పరిగెత్తిన మగవాళ్ళందరూ చింతపండు బస్తాలకు కొట్టుకుని, వెనక్కి తిరిగి, కనిపించిన మొదటి తలుపులో దూరారు. అది ప్రయోగశాల తలుపు. ఎర్రటేకుతో చేయించింది, లోపల రెండు గడియలున్నది, కాలేజీ మొత్తానికి గట్టిది. నలభైమంది లోపల పడి రెండు గడియలూ వేసేసుకున్నారు. అందులో లారీ డ్రైవరు చినబాబు కూడా ఉన్నాడు. లారీ తాళంచెవి అతని జేబులోనే ఉంది. ఆడవాళ్ళు మాత్రం వరండాలో హాయిగా కూలబడి, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు.

అప్పుడు గేటు బయట కారు హారను వినిపించింది.

కమిటీ అంటే ముగ్గురు. వారికి అధ్యక్షురాలు పరంజ్యోతి గారు. సంఘశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న మనిషి. యాభై దాటిన వయసు, తెల్ల నూలుచీర, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో కాగితాలు పెట్టుకునే నల్లటి తోలుసంచి. ఆవిడ లారీని ఒకసారి ఎగాదిగా చూసి, ఎవరి సాయమూ అడక్కుండా బస్తాల పక్కనుంచి అడ్డంగా జరుగుతూ లోపలికి వచ్చేశారు. వెనక ఇద్దరు సభ్యులు కోట్లకు చింతపండు పూసుకుంటూ వచ్చారు. ఏసుదానం గారు దండ పట్టుకుని ఎదురెళ్ళి, అలవాటైన మంచి గొంతుతో గట్టిగా, "రండి డాక్టరు గారూ, మీకోసమే ఎదురుచూస్తున్నాం," అన్నారు.

ప్రయోగశాల కిటికీలోంచి ఒక తల ఆ మాట విని, ఆ సంచి చూసి, లోపలికి మాయమైంది. మరుక్షణం లోపల బల్లలు తలుపు దగ్గరకు ఈడుస్తున్న చప్పుడు వినబడింది. ఆ తరవాత ఏదో గాజుది పగిలింది. జగన్నాధం గారు గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

పరంజ్యోతి గారు ఇదేమిటని అడిగారు. ఏసుదానం గారు నోరు తెరిచేలోగా జగన్నాధం గారు అందుకున్నారు. ఇదేనమ్మా సమాజశాస్త్రమంటే అన్నారు. పిల్లలకు కొలవడం, తూచడం నేర్పకుండా కబుర్లు నేర్పితే కాలేజీ ఇలా తయారవుతుందన్నారు. ఆ నాలుగు గంటలూ మాకిస్తే ఏం చేస్తామో చూడండంటూ జేబులోంచి జాబితా తీశారు. ఆవిడ ఆ కాగితం అందుకోలేదు. ఈ కోర్సు ఎవరు రాశారని అడిగారు.

నరసింగరావు ముందుకు వచ్చాడు. నోటీసు సంగతి అబద్ధమాడొచ్చు, అప్పలసూరి మీద తోసెయ్యొచ్చు. అయితే ఆ నోటీసు తను రాసిందే, పంచబోయేముందు ఒకసారి తెప్పించుకుని చూడాల్సింది తనే. ఆ మాటే చెప్పాడు. గొంతు మొదట్లో పీలగా వచ్చి, నాలుగో వాక్యానికి సర్దుకుంది. కోర్సు రాసి ఉన్న ఫైలు ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ స్తంభానికి ఆనుకుని నిలబడే చదివారు. మొదటి పేజీ చదివి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. తరవాత కళ్ళద్దాలు పైకి తోసుకుని అన్నారు.

"ఈ నెలలో ఏడు కాలేజీలు చూశానండీ. ఏడుగురూ ఒకే కోర్సు చూపించారు, ఒకే చోట ఒకే అక్షరం తప్పుతో సహా. సొంత తప్పు చేసిన కాలేజీ మీదే మొదటిది."

ఇది మెచ్చుకోవడమో తిట్టడమో నరసింగరావుకు అంతుబట్టలేదు. ఆవిడ ఫైలులో వేలు పెట్టి ఆరో ప్రశ్న చూపించారు. ఆ తలుపు వెనక నలభైమంది ఉన్నారు, వాళ్ళకెవరో ఏదో చెప్పారు, వాళ్ళు నమ్మారు. ఒక మనిషి చెప్పింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలన్నది మీ పాఠమే కదా అన్నారు.

"ఆ పాఠం ఇప్పుడు చెప్పండి. చూస్తాను," అని వరండాలో జగ్గమ్మ పక్కన బెంచీమీద కూర్చున్నారు.

నరసింగరావు ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు. ఆ పాఠం ఎలా చెప్పాలో రాత్రులు కూర్చుని రాసుకున్న కాగితాలు ఇంట్లో ఉన్నాయి. ఎదురుగా మొదటి సంవత్సరం పిల్లలు ఎనభైమంది, తాము తెచ్చిన మనుషులు పోయి బిక్కమొహాలతో నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసేసరికి అతను పెద్దవాళ్ళు ఉన్నారన్న సంగతి మరిచిపోయాడు. పిల్లలను దగ్గరకు పిలిచి పని చెప్పాడు. ఎవరు తెచ్చిన మనిషితో వాళ్ళు కిటికీలోంచి మాట్లాడాలి. అది అబద్ధమని చెప్పకూడదు, బతిమాలకూడదు, నవ్వకూడదు. మూడు ప్రశ్నలే అడగాలి. మీకు ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? మీరు ఎందుకు నమ్మారు? విన్నది విన్నట్టు రాసుకుని రావాలి.

నల్లబల్ల ఒకటి తెచ్చి వరండా గోడకు ఆనించాడు. పిల్లలు నాలుగు కిటికీల దగ్గరా మూగారు. లోపలివాళ్ళు మొదట పలకలేదు. కాని అడుగుతున్నది డాక్టరు కాదు, తమ వీధిలో పిల్లలు. పైగా పొద్దున్నించీ ఎవరైనా ఏదైనా అడుగుతారనే కదా ఎదురుచూస్తున్నది. మెల్లగా జవాబులు మొదలయ్యాయి. పిల్లలు పరిగెత్తుకొచ్చి చెబుతుంటే నరసింగరావు బల్లమీద పేరు రాసి, చుట్టూ సున్న చుట్టి, చెప్పినవాడి నుంచి విన్నవాడికి బాణం గీశాడు.

పావుగంటలో బల్లంతా బాణాలే. పదిహేడు మందికి కుమ్మరి చెప్పాడు. తొమ్మిదిమందికి చినబాబు చెప్పాడు. గానుగ ముసలాయనకు చెవుడు, అతనికి ఎవరూ చెప్పలేదు, అందరూ పరిగెత్తారు గనక పరిగెత్తాడు. అలాంటివాళ్ళు ఇంకో ఆరుగురు తేలితే, వాళ్ళకు వేరే గడి గీయాల్సి వచ్చింది. ఎందుకు నమ్మారన్నదానికి వచ్చిన జవాబులు లీలారాణి చదివి వినిపించింది. వాటిలో చినబాబు చెప్పింది విని ఇద్దరు సభ్యులూ చింతపండు తుడుచుకోవడం మానేశారు.

"రెండేళ్ళ కింద మా అత్తోరి ఊర్లో దుప్పట్లిస్తామని పిలిసి ఆపరేసను సేసీసినారు. ఆయేల పిలిసినోలు కూడా సదుంకున్నోలే. మంచిగానే మాట్లాడినారు. మరిక సదుంకున్నోలు ఊరికే పిలిస్తే నమ్మడం ఎలగ?"

పరంజ్యోతి గారు సంచిలోంచి పుస్తకం తీసి ఆ మాటలు రాసుకున్నారు. నరసింగరావు వాటిని బల్లమీద బాణాల పక్కన ఒక్క అక్షరం మార్చకుండా రాశాడు. వదంతి ఎలా పాకిందో బాణాలు చెబుతాయి, ఎందుకు పాకిందో ఈ మాటలు చెబుతాయి, రెండూ లేకుండా ఏదీ తెలిసినట్టు కాదు అని పిల్లలకు చెప్పాడు. ఇరవైరెండు పుస్తకాల్లోనూ ఆ వాక్యం లేదు.

ఇంక మిగిలింది మొదలు. కుమ్మరికి చెప్పింది మేకపిల్ల ముసలమ్మ. ఆవిడకు చెప్పింది అప్పలసూరి. చినబాబుకు చెప్పిందీ అప్పలసూరే. బాణాలన్నీ వెనక్కి నడిచి నడిచి వచ్చి ఆ ఒక్క సున్న దగ్గర ఆగాయి. లీలారాణి పెన్సిలు పట్టుకుని అప్పలసూరి ఎదుట నిలబడి, అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగింది. అప్పలసూరి ఆకాశం కేసి చూశాడు. లారీ కేసి చూశాడు.

"పెద్దోల పేరు సెప్పొచ్చాండీ?" అని కమిటీని అడిగాడు.

"ఈ పాఠంలో చెప్పాలి," అన్నారు పరంజ్యోతి గారు.

అతను నోటితో చెప్పలేదు. చూపుడువేలు కడుపు దగ్గరే దాచుకుని, కాస్త పక్కకు తిప్పాడు. ఆ వేలి వెంట అందరి కళ్ళూ వెళ్ళి జగన్నాధం గారి కోటు మీద వాలాయి. నరసింగరావు సుద్దముక్క పట్టుకుని కాసేపు తటపటాయించి, చివరి బాణం గీసి, దాని మొదట్లో ఆయన పేరు రాయకుండా 'ఫిజిక్సు శాఖ' అని రాశాడు.

జగన్నాధం గారు క్రమశిక్షణ గురించి ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. పరంజ్యోతి గారు ఆయన వైపు తిరిగి, ఏమాత్రం కోపం లేకుండా, ఈ కోర్సుకు ప్రయోగాలు కూడా ఉంటాయని నాకింతవరకు తోచలేదు, సామాజిక శాస్త్రానికి ఫిజిక్సు వారు ఇంత సాయం చేయడం ఇంకే కాలేజీలోనూ చూడలేదు అన్నారు.

సంగతి కిటికీలోంచి లోపలికి వెళ్ళింది గాని తలుపు ఇంకా తెరుచుకోలేదు. లోపలివాళ్ళకు ఇప్పుడు భయం కంటే సిగ్గు ఎక్కువైంది. జగ్గమ్మ లేచి, వక్కాకు ఉమ్మి వచ్చి, తలుపు మీద అరచేత్తో చరిచింది.

"ఒరే సినబాబూ. నీకు బొడ్డు కోసినదాన్ని నానే. ఇంకేటి కొయ్యాలన్నా ముందు నన్నడిగి కొయ్యాల. తలుపు తీ."

లోపల బల్లలు వెనక్కి జరిగిన చప్పుడైంది. ఒక గడియ, తరవాత రెండో గడియ తీశారు. నలభైమందీ తలలు వంచుకుని ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. చివర వచ్చిన గానుగ ముసలాయన ఆపరేషను అయిపోయిందా అని పక్కవాణ్ణి అడిగాడు.

చినబాబు లారీ తీస్తానని బయల్దేరాడు. పరంజ్యోతి గారు వద్దన్నారు. ఆ బస్తాల్లో చింతపండు ఏ కొండ మీద ఎవరు ఏరారు, ఏ సంతలో ఎవరు కొన్నారు, ధర ఎవరు చెబితే ఎవరు వినాల్సి వస్తుంది అని అతన్ని అడిగారు. కోర్సులో మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ జవాబు ఆ లారీలోనే ఉందని అప్పటికి పిల్లలకు కూడా అర్థమైంది. అతని చుట్టూ ముప్ఫైమంది చేరారు. నేతపనాయన, తన అన్నదమ్ములు ఊరు విడిచి ఎందుకు పోయారో మామిడిచెట్టు కింద చెప్పాడు. గాజులామె తన వీధిలో ఎందరు దేవతలకు ఎన్ని మొక్కులో చెబుతుంటే, చర్చికి పోయే పిల్లలూ గుడికి పోయే పిల్లలూ ఒకరి నోట్సు ఒకరు చూసుకుని రాసుకున్నారు. లీలారాణి అడిగినవాటికల్లా జగ్గమ్మ జవాబు చెప్పింది. ఏసుదానం గారు కమిటీకి వండించిన భోజనం తెప్పించి అందరిలోనూ కలిపేశారు. గడియారం మాత్రం మూడు గంటల దాకా ఒక్కసారి కూడా చూసుకోలేదు.

మూడింటికి పరంజ్యోతి గారు ఫైలు తెప్పించుకున్నారు. ఎర్ర పెన్సిలు తీసి, ఇరవైరెండు పుస్తకాల్లో పద్దెనిమిదింటిని కొట్టేశారు. మిగిలిన నాలుగూ మీరు చదివినవేనా అని అడిగితే, అవునని చెప్పగలిగినందుకు నరసింగరావు ప్రాణం కుదుటపడింది. ఆరు ప్రశ్నల్లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. అడుగున తన చేత్తో ఒక వాక్యం చేర్చి సంతకం చేశారు. వచ్చే జూన్ నుంచి ఈ కోర్సు ఈ కాలేజీలో వారానికి నాలుగు గంటలు చెప్పాలి, దీన్ని తయారుచేసిన లెక్చరరే చెప్పాలి, మిగతా ఏడు కాలేజీల లెక్చరర్లూ వచ్చి నేర్చుకుని పోవాలి. ఏసుదానం గారు అది చదివి, పోస్టు ఖాయం చేస్తున్నట్టు ఉత్తరం ఇవాళే టైపు చేయిస్తానని నరసింగరావు భుజం తట్టారు.

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది జగన్నాధం గారు. ఆయన నల్లబల్ల ముందు చాలాసేపు నిలబడి బాణాలు లెక్కపెట్టారు. తరవాత నరసింగరావు దగ్గరకు వచ్చి, గానుగ ముసలాయన లాంటి ఏడుగురినీ వేరే గడిలో పెట్టడం బావుందనీ, ఈ పటం తుడిచెయ్యకుండా తన గదిలో పెట్టించమనీ, సున్నలు మాత్రం వృత్తలేఖినితో గీస్తే ఇంకా బావుండేదనీ చెప్పి వెళ్ళారు. నరసింగరావు అదే బల్ల ముందు నిలబడి, పొద్దున్నుంచి మొదటిసారి గట్టిగా నవ్వాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా వచ్చినవాళ్ళందరూ కూడా కొట్టారు.

లారీ కదిలింది. తోవ తెరుచుకుంది. మనుషులు ఒక్కొక్కళ్ళే సెలవు తీసుకుంటున్నారు. జగ్గమ్మ మాత్రం కదల్లేదు. కారెక్కబోతున్న పరంజ్యోతి గారి దగ్గరకు పోయి, చీరకొంగు సర్దుకుని నిలబడింది.

"అమ్మా, పొద్దుటేల నుంచి అడిగినవన్నీ సెప్పినాను. మరింతకీ నాను పాసా, పేలా?"

పరంజ్యోతి గారు కారు తలుపు పట్టుకుని, పరీక్షాధికారులు ఆలోచించినట్టే ఒక్క క్షణం ఆలోచించారు.

"ఫస్టు క్లాసు," అన్నారు.

ఆ ఏడు ఆ కాలేజీలో ఫస్టు క్లాసు వచ్చింది ఆవిడొక్కతెకే.